బ్యాకప్‌కి సెకండ్ హ్యాండ్ టేప్ డ్రైవ్: డ్యాట్, డీఎల్‌టీ, ఎల్‌టీఓల్లో ఏది నమ్మొచ్చు?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. మీది హన్మకొండలో పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో. దాదాపు 16 టీబీ ఫుటేజీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కుల్లో ఉంది, ఈ మధ్య రెండు డిస్కులు చెప్పాపెట్టకుండా పోయాయి. సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ సామాను అమ్మే ఒక షాపులో మూడు టేప్ డ్రైవులు (క్యాసెట్ లాంటి టేపు మీద డేటా రాసి, చదివే యంత్రాలు; డ్యాట్, డీఎల్‌టీ, ఎల్‌టీఓ అనేవి వాటిలో రకాలు) చూశారు: బాగా చవగ్గా డ్యాట్-160, కొంచెం ఎక్కువకి డీఎల్‌టీ-వీ4, అన్నిటికన్నా ఖరీదుగా ఎల్‌టీఓ-6, అంటే ఎల్‌టీఓలో ఆరో తరం. వీటిలో ఏది నమ్మకమైనది, అసలు పాత డ్రైవు కొనొచ్చా అని అడిగారు. 2004 నాటి డీడీఎస్-4 (డ్యాట్‌కి ముందు పేరు డీడీఎస్) టేపులు కొన్ని బీరువాలో ఉన్నాయి, అవి ఇప్పుడు చదవగలమా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: ఎల్‌టీఓ-6 తీసుకోండి, అది కూడా నేను కింద రాసిన పరీక్ష నెగ్గితేనే. డ్యాట్ మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయకండి. డీఎల్‌టీ గట్టి యంత్రమే కానీ మీ అవసరానికి దాని కాలం దాటిపోయింది. ఇక ఏ డ్రైవు కొన్నా, మీ డేటా ఒకే టేపు మీద ఒకే కాపీగా ఉండకూడదు.

వరంగల్, కరీంనగర్, గోదావరిఖని వైపు ఆస్పత్రులు, కాలేజీలు, వ్యాపారుల ఆఫీసుల్లో సర్వర్లు, బ్యాకప్‌లు చూసుకోవడమే ఎన్నో ఏళ్లుగా నా పని. డీడీఎస్ నుంచి ఎల్‌టీఓ-8 దాకా అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. కింద రాసేది ఎక్కువగా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

టేప్ నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు మూడు సంగతులు విడివిడిగా చూడాలి. ఒకటి, టేపు ఎంతకాలం నిలుస్తుంది. రెండు, డ్రైవు ఎంతకాలం పనిచేస్తుంది. మూడు, ఒక డ్రైవులో రాసిన టేపు ఇంకో డ్రైవులో చదవబడుతుందా లేదా. కంపెనీల కాగితాలు మొదటి దాని గురించే గొప్పగా చెప్తాయి: 30 ఏళ్లు నిలుస్తుంది అని. ఆ మాట అబద్ధం కాదు. కానీ నేను చూసిన నష్టాల్లో టేపు తనంతట తాను పాడైనవి చాలా తక్కువ. డ్రైవు పోయినవి ఎక్కువ. డ్రైవు పోయాక, కొత్త డ్రైవు పాత టేపులు చదవక ఏడ్చినవి ఇంకా ఎక్కువ. అందుకే నా దృష్టిలో ఆ మూడోదే అసలు కొలత.

డ్యాట్‌కీ ఎల్‌టీఓకీ ఉన్న తేడా అక్కడే బయటపడుతుంది. డ్యాట్, దాని ముందు పేరుతో వచ్చిన డీడీఎస్, పాత వీసీఆర్ పద్ధతిలో పనిచేస్తాయి. లోపల ఒక గుండ్రటి డ్రమ్ము వేగంగా తిరుగుతుంది, దాని మీద హెడ్లు ఉంటాయి, టేపుని కేసెట్‌లోంచి బయటికి లాగి ఆ డ్రమ్ము చుట్టూ చుడతారు. గీతలు టేపు మీద ఏటవాలుగా పడతాయి. ఈ ఏటవాలు కోణం, టేపు దారి, గైడ్లు అన్నీ సరిగ్గా ఉండాలి. వాడుతున్నకొద్దీ అవి వెంట్రుకవాసి పక్కకి జరుగుతాయి. అలా జరిగిన డ్రైవు తను రాసింది తను బాగానే చదువుకుంటుంది. వేరే డ్రైవు మాత్రం చదవలేదు.

కాజీపేట వైపు ఒక ఆస్పత్రిలో సరిగ్గా ఇదే జరిగింది. రోజూ రాత్రి డీడీఎస్-4 మీద బ్యాకప్. రోజూ పొద్దున లాగ్‌లో సక్సెస్ అనే వచ్చేది. ఒకరోజు డ్రైవు మోటారు ఆగిపోయింది. కొత్త డ్రైవు తెప్పించి పెడితే, ఉన్న టేపుల్లో సగానికి పైగా చదవలేదు. టేపులు శుభ్రంగా ఉన్నాయి, ముడతలు లేవు. అక్కడి అకౌంటెంట్ నన్ను పట్టుకుని, “సార్, రోజూ సక్సెస్ అని వచ్చింది కదా” అంటాడు. అతని బాధ న్యాయమైనదే. చివరికి ఆ పాత డ్రైవునే హైదరాబాద్ పంపి మోటారు మార్పించి, దాంతోనే ఒక్కొక్క టేపు చదివించి డిస్కుకి ఎక్కించాం. ఆ డ్రైవుని ఎవరైనా పాత ఇనుముకి వేసి ఉంటే ఆ రికార్డులన్నీ పోయినట్టే.

ఎల్‌టీఓలో టేపు నేరుగా సాగుతుంది, హెడ్డు నిలకడగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, టేపు మీద ఫ్యాక్టరీలోనే సర్వో గీతలు రాసి పంపుతారు. హెడ్డు రాసేటప్పుడు, చదివేటప్పుడు ఆ గీతలనే పట్టుకుని నడుస్తుంది. అంటే దారి చూపేది డ్రైవు కాదు, టేపే. అందుకే ఒక డ్రైవులో రాసింది ఇంకో డ్రైవులో చదవడం ఎల్‌టీఓలో మామూలు విషయం. పైగా రాసిన వెంటనే వెనకే ఉన్న రీడ్ హెడ్డు చదివి చూస్తుంది, తప్పు పడితే అదే ముక్కని టేపు మీద ఇంకొంచెం ముందుకెళ్లి మళ్లీ రాస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పరీక్ష దగ్గర ఇదే పనికొస్తుంది. ఇంకో జాగ్రత్త: ఎల్‌టీఓ టేపుని మాగ్నెట్ ఎరేజర్‌తో తుడిస్తే ఆ సర్వో గీతలు కూడా పోతాయి, టేపు ఇక ఎందుకూ పనికిరాదు. స్టూడియోలో పెద్ద స్పీకర్లు ఉంటాయి కాబట్టి చెప్తున్నాను, టేపులు వాటి పక్కన పెట్టకండి.

డీఎల్‌టీ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. దాని మూలం డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1984లో తెచ్చిన టీకే-50. 1994లో ఆ వ్యాపారం క్వాంటమ్ కొనుక్కుంది. అరంగుళం టేపు, నేరుగా సాగే దారి, మోటుగా ఉన్నా గట్టిగా ఉండే యంత్రం. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో డీఎల్‌టీ-8000 నడిచేది. గాలిలో దూది నూగు ఎగిరే చోట అది ఏళ్ల తరబడి పనిచేసింది, నాకు ఇప్పటికీ ఆ డ్రైవంటే గౌరవం. దాని బలహీనత లీడర్. టేపు కొసని పట్టుకుని లోపలికి లాగే ప్లాస్టిక్ ముక్క అది. కొండీ సరిగ్గా తగలకపోతే లీడర్ డ్రైవు లోపలికి వెళ్లిపోతుంది, టేపు బయట మిగులుతుంది, అప్పుడు విప్పక తప్పదు. అది బాగుచేసుకోవచ్చు. కానీ క్వాంటమ్ 2007లో డీఎల్‌టీ అభివృద్ధి ఆపేసింది. మీరు చూసిన డీఎల్‌టీ-వీ4 టేపుకి 160 జీబీ మాత్రమే. మీ 16 టీబీకి ఒక్క కాపీకే 100 టేపులు కావాలి. కొత్త టేపులు ఎక్కడ దొరుకుతాయి?

డ్యాట్-160 లెక్క ఇంకా దారుణం. టేపుకి 80 జీబీ, అంటే 200 టేపులు. సెకనుకి 6.9 ఎంబీ వేగంతో ఒక్కో టేపు నిండడానికి మూడు గంటలు దాటుతుంది. 200 టేపులకి 640 గంటలకి పైమాటే, పక్కన మనిషి కూర్చుని మారుస్తూ ఉండాలి. ఎల్‌టీఓ-6 టేపుకి 2.5 టీబీ, ఏడు టేపుల్లో మీ పని అయిపోతుంది. వేగం సెకనుకి 160 ఎంబీ, ఒక టేపు నాలుగున్నర గంటల లోపే నిండుతుంది. టేపు అట్ట మీద 6.25 టీబీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది కంప్రెషన్ కలిపిన లెక్క. మీ వీడియో ఫైళ్లు ముందే కుదించినవి, వాటిని ఇంకా కుదించలేం. 2.5 అనే అనుకోండి.

హార్డ్‌డిస్కుతో పోల్చి కూడా అడిగారు. మామూలు డెస్క్‌టాప్ డిస్కుకి కంపెనీలే రాసే లెక్క ఏమిటంటే, 1 పక్కన 14 సున్నాలు పెడితే వచ్చినన్ని బిట్లు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చు అని. అది సుమారు 12.5 టీబీ. మీ మొత్తం డేటా అంతకన్నా ఎక్కువ. ఎల్‌టీఓ-6కి ఆ లెక్క 1 పక్కన 17 సున్నాలు, ఎల్‌టీఓ-7, 8లకి 19. ఇవి కంపెనీల మాటలే, మీ గదిలో మీ డ్రైవు ఎలా ఉంటుందో ఇవి చెప్పవు. నాకు అంతకన్నా పెద్ద తేడా వేరే ఉంది: హార్డ్‌డిస్కులో డేటా, యంత్రం ఒకే డబ్బాలో ఇరుక్కుని ఉంటాయి. మోటారు పోతే డేటా పోయినట్టే. టేపులో యంత్రం పోతే యంత్రం మారుస్తాం, డేటా పక్కన క్షేమంగా ఉంటుంది. కంప్యూటర్‌కి తగిలించి ఉండదు కాబట్టి వైరస్ వచ్చినా, ఎవరైనా పొరపాటున డిలీట్ కొట్టినా దాన్ని ముట్టుకోలేరు. 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల కొందరి మెయిళ్లు అన్ని కాపీల్లోంచీ మాయమైతే, గూగుల్ వాటిని టేపుల్లోంచే తిరిగి తెచ్చింది.

ఇక మన ఊళ్ల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే విదేశాల్లో రాసిన సలహాల్లో ఇది ఉండదు.

మన దగ్గర టేప్ డ్రైవుకి మొదటి శత్రువు దుమ్ము. డ్రైవు చల్లబడడానికి వెనక ఫ్యాను గాలి లాగుతుంది. ఆ గాలి ముందు తలుపు సందులోంచి, హెడ్డు మీదుగా పోతుంది. గదిలో ఏముంటే అది హెడ్డు మీద కూర్చుంటుంది. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ వ్యాపారి ఆఫీసులో ఎల్‌టీఓ-3 డ్రైవు క్లీనింగ్ లైటు మాటిమాటికీ వెలిగేది. క్లీనింగ్ టేపు పెడితే ఒకరోజు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. రాళ్లు కోసే చోటు పక్క వీధిలోనే. డ్రైవు మార్చాలని వాళ్లు, గది మార్చాలని నేను. చివరికి సర్వర్‌ని లోపలి గదికి మార్చి, తలుపుకి రబ్బరు పట్టీ వేసి, చీపురుతో ఊడ్వడం మాన్పించి తడిగుడ్డ పెట్టించాక అదే డ్రైవు మళ్లీ చాలాకాలం పనిచేసింది. గోదావరిఖనిలో అయితే బొగ్గు నుసి. అది ఇంకా సన్నం, ఫిల్టర్ గుడ్డలోంచి కూడా దూరుతుంది. అక్కడ నేను చేసిన పని ఒక్కటే, బ్యాకప్ జరిగే గంటలు తప్ప డ్రైవుకి కరెంటు ఆపించడం. ఫ్యాను తిరగకపోతే దుమ్ము లాగదు. మీరూ అదే చేయండి. మీకు రోజూ బ్యాకప్ అవసరం లేదు, ఒక పెళ్లి పని పూర్తయ్యాక ఆన్ చేస్తే చాలు.

స్టూడియోలకి ప్రత్యేకంగా ఇంకో మాట. పొద్దున షాపు తెరవగానే దేవుడి పటం దగ్గర అగరొత్తులు, సాంబ్రాణి వెలిగిస్తారు. ఆ పొగ సన్నటి జిడ్డు పొరలా పడుతుంది. పూజ ఆ గదిలో కాకుండా ముందు కౌంటర్ దగ్గర పెట్టుకోండి.

క్లీనింగ్ టేపు గురించి చాలామందికి అపోహ ఉంది, ఎంత ఎక్కువ వాడితే అంత మంచిదని. ఎల్‌టీఓలో అలా చేయకూడదు. క్లీనింగ్ టేపు హెడ్డుని రుద్దుతుంది, రుద్దిన ప్రతిసారీ హెడ్డు కొంత అరుగుతుంది. డ్రైవు అడిగినప్పుడే పెట్టండి. వారం వారం అడుగుతోందంటే తప్పు గదిలోనో హెడ్డులోనో ఉంది.

రెండో శత్రువు, నెమ్మదిగా డేటా అందడం. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఎల్‌టీఓ టేపు పరిగెత్తుతూనే ఉండాలి. డ్రైవు తన వేగాన్ని కొంతవరకు తగ్గించుకోగలదు, ఎల్‌టీఓ-6లో డ్రైవుని బట్టి సెకనుకి 40, 50 ఎంబీల దాకా. అంతకన్నా తక్కువగా డేటా వస్తే, స్టాపు దాటిపోయిన ఆర్టీసీ బస్సు వెనక్కొచ్చి మళ్లీ బయల్దేరినట్టు, టేపు ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ ముందుకి పరిగెత్తుతుంది. నిమిషానికి ఎన్నోసార్లు. టేపు అరుగుతుంది, హెడ్డు అరుగుతుంది, మోటార్లు వేడెక్కుతాయి. కొత్త డ్రైవు కూడా ఇలా వాడితే తొందరగా పోతుంది.

మీ దగ్గర ఇది కచ్చితంగా వస్తుంది. ఎందుకంటే పెళ్లి ఫోల్డర్‌లో వీడియోలతో పాటు వేల ఫొటోలు ఉంటాయి. యూఎస్‌బీ డిస్కులోంచి పెద్ద వీడియో ఫైలు వేగంగా వస్తుంది, చిన్న చిన్న ఫొటోల దగ్గరికి వచ్చేసరికి వేగం పడిపోతుంది. కరీంనగర్‌లో మీలాంటి స్టూడియోకే ఎల్‌టీఓ-6 పెట్టినప్పుడు డ్రైవు చప్పుడు వినగానే అర్థమైంది. ఏకధారగా రావాల్సిన చప్పుడు ఆగి ఆగి వస్తోంది. పరిష్కారం కష్టమేమీ కాదు. ముందు ఒక ఎస్ఎస్‌డీ మీదికి ఆ పెళ్లి మొత్తం కాపీ చేయండి, ఫొటోల ఫోల్డర్‌ని టార్ ఫైలుగా ఒకే ముద్ద చేయండి, అక్కడినుంచి టేపుకి రాయండి. నెట్‌వర్క్ మీదుగా పంపాలనుకుంటే, గిగాబిట్ లైను సెకనుకి 110 ఎంబీల దాకా ఇస్తుంది, అది సరిపోతుంది. వైఫై మీదుగా మాత్రం వద్దు.

ఇప్పుడు పాత డ్రైవు ఎలా పరీక్షించాలో చెప్తాను. షాపులో లైటు వెలిగింది, టేపు మింగింది, బయటికి ఇచ్చింది అంటే పనిచేస్తున్నట్టు కాదు. కనీసం ఒక కొత్త టేపు మొత్తం నింపి, మొత్తం చదివి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

మొదట అది విడిగా పనిచేసే డ్రైవేనా, లేక పెద్ద టేప్ లైబ్రరీ (చాలా టేపుల్ని తనే మార్చుకునే పెద్ద యంత్రం) లోంచి పీకిందా చూడండి. లైబ్రరీ డ్రైవులు చవగ్గా దొరుకుతాయి, కానీ కొన్ని బయట విడిగా పెడితే పనిచేయవు. తర్వాత డ్రైవు తన చరిత్ర తనే దాచుకుంటుంది, దాన్ని చదివించండి. హెచ్‌పీ డ్రైవులకి లైబ్రరీ అండ్ టేప్ టూల్స్ అనే ప్రోగ్రాము, ఐబీఎం డ్రైవులకి ఐటీడీటీ అనేది ఉన్నాయి. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని టేపులు ఎక్కించారు, ఎన్ని తప్పులు పడ్డాయి, టేప్ అలర్ట్ హెచ్చరికలు ఏమున్నాయి అన్నీ తెలుస్తాయి. అమ్మేవాడు ఇది చూపించనంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఆ తర్వాత అసలు పరీక్ష. మీ వీడియో ఫైళ్లనే టార్‌తో టేపు నిండేదాకా రాయండి. ఎల్‌టీఎఫ్ఎస్ (టేపుని మామూలు డిస్కులా ఫోల్డర్లతో చూపించే పద్ధతి) ఫార్మాట్‌తో ఈ పరీక్ష చేయకండి, అది కొంత చోటు తన ఇండెక్స్‌కి, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికకి తీసుకుంటుంది కాబట్టి లెక్క తేడా వస్తుంది. ఇంకా కుదించలేని డేటా రాసినప్పుడు ఎల్‌టీఓ-6 టేపు 2.5 టీబీకి దగ్గరగా పట్టాలి. 2.2 దగ్గరో 2 దగ్గరో నిండిపోయిందంటే, తప్పు పడిన ముక్కల్ని మళ్లీ మళ్లీ రాస్తూ చోటంతా తినేసిందన్నమాట. కంప్యూటర్ మీద ఒక్క ఎర్రర్ కూడా కనిపించదు, సక్సెస్ అనే వస్తుంది. కానీ హెడ్డు చివరి దశలో ఉంది. అలాగే డేటా వేగంగా అందుతున్నా నాలుగున్నర గంటల పని ఎనిమిది గంటలు పట్టిందంటే అదే జబ్బు. ఈ ఒక్క గుర్తుతో నేను చాలా డ్రైవుల్ని పక్కన పెట్టించాను. రాశాక తిరిగి చదివి చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు సంఖ్యలు) పోల్చండి. ఆ షాపులోనే ఇంకో ఎల్‌టీఓ-6 గానీ ఎల్‌టీఓ-7 గానీ ఉంటే ఈ టేపు అందులో పెట్టి చదివించండి. ఇదంతా ఒక రోజంతా పట్టే పని. షాపులో కుదరకపోతే, వారంలో వాపసు తీసుకునే ఒప్పందం బిల్లు మీద రాయించుకుని ఇంటికి తెచ్చి చేయండి.

టేపులు మాత్రం కొత్తవే కొనండి. పాత టేపు అంచు నలిగి ఉంటే, అది డ్రైవుని కూడా పాడు చేస్తుంది, ఆ డ్రైవు తర్వాతి టేపుని పాడు చేస్తుంది. చేతిలోంచి కింద పడ్డ టేపుని కూడా నేరుగా డ్రైవులో పెట్టకండి, దాని తలుపు తెరిచి లోపల లీడర్ పిన్ (టేపు కొసన ఉండే చిన్న పిన్) తన చోట ఉందో లేదో చూడండి. డ్రైవు తగిలించడానికి కంప్యూటర్‌లో ఎస్ఏఎస్ అనే రకం కనెక్షన్ ఇచ్చే కార్డు కావాలి. హెచ్‌బీఏ అనే మామూలు కార్డు తీసుకోండి, చాలా రెయిడ్ కార్డులు (డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపేవి) టేప్ డ్రైవుని గుర్తించవు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఎల్‌టీఓ-7 దాకా డ్రైవులు రెండు తరాల వెనకటి టేపులు చదివేవి. ఎల్‌టీఓ-8 ఒక్క తరం వెనక్కే చదువుతుంది, అంటే ఎల్‌టీఓ-6 టేపుని అది ముట్టుకోదు. ఎల్‌టీఓ-9 కూడా ఒక్క తరమే. 2025లో వచ్చిన ఎల్‌టీఓ-10 అయితే పాత టేపు ఏదీ చదవదు. కాబట్టి మీ ఎల్‌టీఓ-6 టేపుల్ని చదివే డ్రైవులు రెండే రకాలు: ఎల్‌టీఓ-6, ఎల్‌టీఓ-7. అవి పాత మార్కెట్లో ఇంకా దొరుకుతున్నప్పుడే, నాలుగైదేళ్లలో మీ డేటాని పై తరానికి మార్చుకునే ఆలోచన ఇప్పుడే పెట్టుకోండి. టేపు 30 ఏళ్లు నిలవొచ్చు, దాన్ని చదివే డ్రైవు అన్నేళ్లు దొరకదు.

డబ్బు ఉంటే కొత్త ఎల్‌టీఓ-9కి వెళ్లొచ్చు కదా అని మీరు అడగొచ్చు. టేపుకి 18 టీబీ, మీ స్టూడియో మొత్తం ఒక్క టేపులో పడుతుంది. కానీ కొత్త డ్రైవు ధర లక్షల్లో ఉంటుంది, మీ పనికి నేను అంత పెట్టమని చెప్పను. ఒకవేళ కొంటే, కొత్త ఎల్‌టీఓ-9 టేపు మొదటిసారి పెట్టినప్పుడు డ్రైవు దాన్ని సర్దుకోవడానికి 40 నిమిషాల నుంచి రెండు గంటల దాకా తీసుకుంటుంది. పాడైందని భయపడి మధ్యలో ఆపకండి. వేడి, తేమలకి టేపు వెడల్పులో వచ్చే సూక్ష్మమైన తేడాని కూడా లెక్కలోకి తీసుకోవాల్సినంత సన్నటి గీతలు అవి. ఆ టేపుల్ని వాడబోయే గదిలోనే ముందు ఒకరోజు ఉంచాలి.

ఉంచే చోటు గురించి. ఎక్కువకాలం దాచడానికి 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలంటారు. మన ఎండాకాలంలో గది 40 దాటుతుంది, వానాకాలంలో తేమ 80 పైనే. రోజంతా ఏసీ పెట్టమని చెప్పను. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, టేపుల్ని వాటి పెట్టెల్లోనే నిలబెట్టి ఉంచండి. డాబా మీది గదిలోనో, ఇన్వర్టర్ పక్కనో పెట్టకండి. ఏసీ గదిలోంచి తీసిన టేపుని జూలై నెల ఉక్కపోతలో వెంటనే డ్రైవులో పెట్టకండి, చెమ్మ పడుతుంది. ఎల్‌టీఎఫ్ఎస్ వాడుతుంటే అన్‌మౌంట్ చేశాకే (కంప్యూటర్‌లోంచి టేపుని సరిగ్గా విడదీశాకే) డ్రైవు ఆపండి. ఏప్రిల్, మే గాలివానలకి కరెంటు పోయినప్పుడు ఇండెక్స్ రాయకముందే డ్రైవు ఆగిపోతే చివరి ఫైళ్లు కనపడవు. యూపీఎస్ తప్పనిసరి.

రెండో కాపీ వేరే చోట ఉండాలి, అది కూడా ఎత్తైన చోట. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో మన ఊళ్లో కాలనీలకి కాలనీలు మునిగాయి. నయీంనగర్ నాలా పొంగితే గ్రౌండ్ ఫ్లోర్ షాపుల్లో ఏం మిగిలిందో మీరూ చూసే ఉంటారు. ఏడు టేపులంటే ఒక చిన్న సంచి. ఒక సెట్టు స్టూడియోలో, ఒక సెట్టు ఊళ్లో మీ అన్నదమ్ముల ఇంట్లో మొదటి అంతస్తులో. హార్డ్‌డిస్కులు రోజువారీ పనికి ఉండనే ఉంటాయి. ఏ టేపులో ఏ పెళ్లి ఉందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి, కంప్యూటర్‌లో మాత్రమే ఉంచొద్దు. ఆర్నెల్లకోసారి ఏదో ఒక టేపు తీసి ఒక పెళ్లి మొత్తం తిరిగి కాపీ చేసి ప్లే చేసి చూడండి. ఎల్‌టీఓలో ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లాంటి కోడ్ లేకుండా ఎవరూ చదవలేకుండా చేసే) సౌకర్యం ఉంది కానీ మీకు అవసరం లేదు. తాళంచెవి పోతే టేపు ఉన్నా లేనట్టే.

చివరిగా ఆ 2004 నాటి డీడీఎస్-4 టేపులు. నేను వద్దన్న డ్యాట్-160 ఇక్కడ పనికొస్తుంది. డ్యాట్-160, డ్యాట్-72 రెండూ డీడీఎస్-4 టేపుల్ని చదువుతాయి. పెట్టె మీద డీడీఎస్-3 అని ఉన్నవేవైనా ఉంటే వాటికి డ్యాట్-72 కావాలి, 160 చదవదు. డ్రైవు కొనక్కర్లేదు, ఆ షాపు వాళ్లనే రెండు రోజులు అద్దెకి అడగండి. ముందు క్లీనింగ్ టేపు పెట్టండి. తర్వాత మీ టేపుల్లో అంత ముఖ్యం కానిది ఒకటి పెట్టి చూడండి. చదివితే, మొదటి ప్రయత్నంలోనే మొత్తం డిస్కుకి కాపీ చేసుకోండి, మళ్లీ మళ్లీ తిప్పకండి. రైట్ ప్రొటెక్ట్ ట్యాబ్ (టేపు మీద కొత్తగా రాయకుండా అడ్డుకునే బిళ్ల) ముందే జరపండి. ఒక టేపు చదవకపోతే అది పోయిందని తీర్మానించుకోకండి. ఆ రోజుల్లో దాన్ని రాసిన డ్రైవు మీ పాత కంప్యూటర్‌లో అటక మీద ఇంకా ఉందేమో వెతకండి. ఉంటే పారేయకుండా నాకు మోడల్ నంబరు, టేపు పెట్టె మీద ఉన్న పేరు రాయండి, దాన్ని నడిపించే దారి చెప్తాను.